పద్నాలుగడుగుల మిషను, పన్నెండడుగుల రోడ్డు



మన పల్లెలకు వేసిన తారురోడ్లు చాలావరకు ఒంటి వరస రోడ్లు. తారు పడిన మేర 3.75 మీటర్లు, అంటే పన్నెండడుగుల చిల్లర. రాకపోకలు తక్కువన్న చోట 3 మీటర్లతోనే సరిపెట్టారు. టైర్ల మీద నడిచే వరికోత మిషనుకు ముందు అడ్డంగా ఉండే కట్టర్ బారు చాలా మోడళ్ళలో 14 అడుగులు. బారు తగిలించుకుని ఆ మిషను రోడ్డెక్కిందంటే తారు మొత్తం దానిదే. అది చాలక అటూ ఇటూ చెరో ముప్పావు అడుగు మట్టి అంచు మీదకు చాచుకుని వస్తుంది. ఎదురుగా ఆటో వస్తే ఆటో పొలంలోకి దిగాలి. స్కూలు బస్సు వస్తే దానికి దిగే చోటే ఉండదు.

లారీ గానీ బస్సు గానీ, రోడ్డు మీద తిరిగే మామూలు బండి వెడల్పు 2.6 మీటర్లకు మించకూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి చెబుతోంది. రోడ్డు వేసేవాళ్ళు, వంతెన కట్టేవాళ్ళు, ఎదురుగా వచ్చే డ్రైవరు, అందరూ మనసులో పెట్టుకునేది ఆ కొలతనే. మలుపు తిరగ్గానే దానికి ఒకటిన్నర రెట్లకు పైగా వెడల్పున్న ఇనుప పళ్ళ వరస కనిపిస్తుందని ఎవరూ అనుకోరు. ఆ పళ్ళు కూడా సరిగ్గా మోటారు సైకిలు మీద కూర్చున్న మనిషి ఎత్తులోనే ఉంటాయి.

బారు ఊడదీసే వీలు లేదా అంటే ఉంది. ఊడదీసి, దాని కోసమే చేసిన చిన్న ట్రాలీ మీద నిలువుగా పెట్టి, మిషను వెనక తగిలించుకుని లాక్కెళ్ళవచ్చు. పంజాబ్ నుంచో తమిళనాడు నుంచో వందల కిలోమీటర్లు వచ్చే మిషన్లను చూడండి, అలాగే వస్తాయి. కోతలు మొదలయ్యాక, ఈ ఊరి నుంచి పక్క ఊరికి పోయేటప్పుడే బారు ముందు అలా ఉండిపోతుంది. అడిగి చూడండి.

"ఏం తమ్ముడూ, బారు తియ్యకుండానే పోతున్నావు?"

"ఎంత దూరం బాబాయ్, రెండు కిలోమీటర్లేగా. తీసి మళ్ళీ బిగించేసరికి ఒకెకరం కోసేస్తా. అవతల రైతు ఇప్పటికే నాలుగుసార్లు ఫోను చేశాడు."

ఆ కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు. చెయ్యి తిరిగినవాళ్ళకు బారు ఊడదీసి ట్రాలీ మీదకు దించడం అరగంట పని, తిరిగి బిగించడం ఇంకో అరగంట. మిషను బాడుగ గంటల లెక్క. చేలో దిగిన నిమిషం నుంచి గట్టెక్కిన నిమిషం దాకా గడియారం చూసి డబ్బులిస్తాం. రోడ్డు మీద గడిపిన సమయం రైతు లెక్కలో లేదు, మిషను కుదిర్చే ఏజెంటు లెక్కలో లేదు, ఓనరు లెక్కలో అసలే లేదు. ఎవరూ డబ్బివ్వని గంటను డ్రైవరు వీలైనంత కుదించుకుంటాడు. ఈ ప్రమాదాల గురించి మాట్లాడినప్పుడల్లా డ్రైవరు నిర్లక్ష్యం అని ఒక్క మాటతో తేల్చేయడం మనకు అలవాటు. నా మటుకు నాకు బేరం కుదిరిన తీరులోనే సగం ప్రమాదం ఉందనిపిస్తుంది.

ఇదే మిషన్లలో చైను మిషన్లున్నాయి చూడండి, బురద చేలల్లో దిగే రబ్బరు పట్టాలవి. వాటిని లారీ మీదో డీసీఎం మీదో ఎక్కించి తీసుకెళ్తారు. పక్క మండలానికైనా సరే, ర్యాంపు పలకలు వేసి జాగ్రత్తగా ఎక్కించి, గొలుసులతో కట్టి మరీ పట్టుకెళ్తారు. ఓనరుకు హఠాత్తుగా రోడ్డు భద్రత మీద ప్రేమ పుట్టి కాదు. తారు మీద నడిస్తే ఆ రబ్బరు పట్టా అరిగిపోతుంది, కొత్త పట్టా ఖరీదు ఓనరు జేబులోంచి పోతుంది. నష్టం తన ఖాతాలో పడే చోట జాగ్రత్త దానంతటదే వస్తుంది. టైరు మిషనుకు అలాంటి నష్టం లేదు. నష్టపోతే ఎదురొచ్చినవాడు నష్టపోతాడు.

అందుకని మిషను మాట్లాడుకునేటప్పుడే రోడ్డు సంగతి కూడా తేల్చుకోండి. ఒక ఊళ్ళో పదిమంది రైతులు కలిసి ఒకే మిషను పిలిపించుకుంటే, పొలాల వరస ముందే వేసుకుంటే, మిషను ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు మూడుసార్లు తిరగాల్సిన పని తప్పుతుంది. గట్టు దాటి పక్క చేలోకి దిగితే రోడ్డెక్కే పనే ఉండదు. రోడ్డెక్కక తప్పనప్పుడు, బారు ఊడదీసి బిగించే గంటకు ఇంత అని బాడుగలో కలిపి మాట్లాడుకోండి. పదిమంది మీద పంచుకుంటే అదేమంత సొమ్ము కాదు. ఆ మాట బేరంలో ఉంటే "బారు తియ్యి తమ్ముడూ" అని అడిగే హక్కు మీకు వస్తుంది. తియ్యనని చెప్పే సాకు అతనికి ఉండదు.

బారు తీసినంత మాత్రాన పని అయిపోలేదు. ఈ మిషను కారులా తిరగదు. కారుకు ముందు చక్రాలు తిరుగుతాయి, కోత మిషనుకు వెనక చక్రాలు తిరుగుతాయి. పడవకు చుక్కాని వెనక ఉన్నట్టన్నమాట. ముందు భాగం ఎడమకు మళ్ళాలంటే తోక కుడికి విసురుగా పోవాలి. సందులోకి మళ్ళుతున్న మిషను పక్కన, అది ఎడమకే కదా పోతోందని కుడి పక్కనుంచి మోటారు సైకిలు దూర్చినవాడి మీదకు ఆ తోక వస్తుంది. డ్రైవరు చూపంతా ముందుంటుంది. పెద్ద మిషన్లకు ధాన్యం పెట్టె, ఇంజను, జల్లెళ్ళు అన్నీ అతని వెనకే ఉండి వెనక వైపు గోడ కట్టినట్టవుతుంది. అద్దాలుంటే ఉంటాయి. ఉన్నా వాటి మీద దుమ్ము, ఊక పేరుకుపోయి ఉంటాయి. రోడ్డెక్కే ముందు తుండుగుడ్డ పెట్టి ఆ రెండు అద్దాలూ తుడవమనండి.

ధాన్యం పెట్టె ఖాళీ చేసే కదలాలి. నిండు పెట్టెతో బరువు పైకెక్కి, అంచు కాస్త కుంగినా మిషను ఒరుగుతుంది. వడ్లు పోసే గొట్టాన్ని లోపలికి మడిచి కొక్కెం వెయ్యాలి. కొక్కెం వదులైతే మలుపులో అది తనంతట తాను బయటకు తిరిగి, రోడ్డు పక్క స్తంభాన్నో మనిషినో తాకుతుంది. కోతకూ నూర్పిడికీ సంబంధించిన గేర్లన్నీ ఆపాలి. నిచ్చెన మీద, పెట్టె మీద, బారు ట్రాలీ మీద మనుషులు ఎక్కి ప్రయాణం చెయ్యకూడదు. సరదాకి పిల్లల్ని ఎక్కించుకునేవాళ్ళను చూస్తూనే ఉంటాం, ఆ సరదా మానిపించండి.

ముందొకరు, వెనకొకరు మోటారు సైకిళ్ళ మీద ఉంటే సగం భారం తగ్గుతుంది. ముందు వెళ్ళే మనిషి మలుపు దాటి నిలబడి ఎర్రగుడ్డ ఊపి ఎదురొచ్చే బండ్లను వెడల్పైన చోట ఆపాలి. మిషనుకు మరీ దగ్గరగా, పది గజాల ముందు వెళ్తే లాభం లేదు. ఎదుటివాడు ఆగడానికి చోటు దొరికేంత ముందుండాలి. ఎలాగూ పొలం ఎవరిదో ఆ రైతు బండి మీద దారి చూపిస్తూ ముందు వెళ్తూనే ఉంటాడు. ఆ వెళ్ళేదేదో చేతిలో ఎర్రగుడ్డ పట్టుకుని, కాస్త ముందుగా వెళ్తే సరి.

ఇక చీకటి సంగతి. నా ఉద్దేశంలో చీకటి పడ్డాక వెడల్పాటి మిషను రోడ్డెక్కనే కూడదు. మబ్బు పట్టి వాన ముంచుకొస్తుంటే రాత్రంతా కోయాలనిపిస్తుంది, ఆ ఆత్రం నాకు తెలుసు. చేలో రాత్రి కోసుకోండి, రోడ్డు మీద మాత్రం పగలే కదపండి. ఎందుకంటారా? గంటకు 20 కిలోమీటర్ల మీద మిషనో ట్రాక్టరో పోతోంది. వెనక నుంచి కారు 80 మీద వస్తోంది. రెంటి మధ్య తేడా 60, అంటే సెకనుకు పదహారు పదిహేడు మీటర్ల చొప్పున దూరం కరిగిపోతుంది. వెనక ఎర్రదీపం వెలుగుతూ, రెండు మూడు వందల మీటర్ల నుంచి కనిపిస్తే కారువాడికి తాపీగా బ్రేకు వేసుకునే సమయం ఉంటుంది. దీపం లేక, 40 మీటర్ల దూరంలో హెడ్‌లైటు వెలుగులో బురదరంగు ట్రాలీ తలుపు కనిపించిందనుకోండి, రెండున్నర సెకన్లు మిగులుతాయి. అందులో ఒకటిన్నర సెకను అదేమిటో పోల్చుకుని కాలు బ్రేకు మీదకు రావడానికే పోతుంది.

దీపాలున్న ట్రాక్టర్లతో ఇంకో రకం చిక్కుంది. పొలంలో రాత్రి దున్నడానికి ట్రాక్టరు వెనక మడ్గార్డు మీద తెల్లలైటు ఒకటి ఇస్తారు. రోడ్డెక్కాక దాన్ని ఆర్పడం చాలామంది మర్చిపోతారు. వెనక వచ్చేవాడికి తెల్లలైటు కనిపిస్తే, ఆ బండి తనకు ఎదురొస్తోందని అనుకుంటాడు. ఎదురొస్తున్న బండిని తప్పుకుంటూ పోవడానికీ, ముందు పోతున్న బండిని దాటడానికీ వేసే ఎత్తే వేరు. ఈలోపు ఆ వెలుగు కళ్ళలో పడి ట్రాలీ ఆకారం కనిపించదు. అలాగే ముందు హెడ్‌లైట్లలో ఒకటి మాడిపోయి ఒక్కటే వెలుగుతుంటే, ఎదుటివాడు మోటారు సైకిలనుకుని దగ్గరగా వచ్చేస్తాడు. బల్బు ఖరీదెంత!

అమెరికాలో ఈ తంటా మనకంటే ముందే పడ్డారు. 1960ల మొదట్లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఇంజినీర్లు నెమ్మదిగా పోయే బండ్ల కోసం ఒక త్రికోణం గుర్తు తయారు చేశారు. మధ్యలో పగటి వెలుగులో మెరిసే నారింజ రంగు, చుట్టూ రాత్రి హెడ్‌లైటు పడితే మెరిసే ఎర్ర అంచు. గంటకు 25 మైళ్ళు, అంటే 40 కిలోమీటర్లు దాటని బండి అని దాని అర్థం. ఆ తర్వాత అక్కడ పొలం బండ్లన్నిటి వెనకా అది కనిపించడం మొదలైంది. మన ట్రాక్టర్ల వెనక అలాంటిది అరుదు. ఎర్ర రిఫ్లెక్టర్ టేపు మాత్రం ఏ టౌనులోనైనా ఆటోమొబైల్ షాపులో దొరుకుతుంది. ట్రాలీ వెనక తలుపుకు నాలుగు మూలలా, పక్కలకు వరసగా అంటించండి. వరిగడ్డి, చెరకు, పత్తి వేసుకున్నప్పుడు సరుకు వేలాడి దీపాలనూ టేపునూ కప్పేస్తుంది. అప్పుడు టేపు అంటించిన ఒక రేకుముక్కను గడ్డి చివర, రెండు పక్కలా తాడుతో కట్టండి. బండి వెడల్పు ట్రాలీ దగ్గర ఆగదు, గడ్డి ఎంతవరకు పొడుచుకొచ్చిందో అంతవరకూ ఉంటుంది.

ట్రాక్టరు నడిపేవాళ్ళకు బ్రేకుల మాట. మీ బండికి కుడికాలి కింద రెండు బ్రేకు పెడళ్ళుంటాయి. ఒకటి ఎడమ వెనక చక్రానికి, రెండోది కుడి వెనక చక్రానికి. చాలు చివర చటుక్కున తిప్పుకోవడానికి అవి విడివిడిగా ఉంటాయి. రెంటినీ కలిపే గడియ ఒకటి ఆ పెడళ్ళ దగ్గరే ఉంటుంది. రోడ్డెక్కే ముందు ఆ గడియ వెయ్యాలి. వెయ్యకుండా వేగంగా పోతూ ఒక్క పెడలు మీద కాలు పడితే ఒకే చక్రం పట్టి, ట్రాక్టరు అడ్డం తిరిగి పల్టీ కొడుతుంది. పొలంలో ఎంతో ఉపయోగపడే సదుపాయం తారు మీద మనిషిని తీస్తుంది. చాలా ట్రాక్టర్లకు ముందు చక్రాలకు బ్రేకులు లేవు, మన దగ్గర ట్రాలీల్లో ఎక్కువ వాటికి అసలు బ్రేకులే లేవు. నాలుగు టన్నుల వడ్లు వేసుకున్న ట్రాలీ పల్లంలో వెనక నుంచి తోస్తుంటే ఆపవలసింది ఆ రెండు వెనక చక్రాలే. పల్లం మొదలయ్యే ముందే చిన్న గేరులోకి రండి. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్ చేసి వదిలేసేవాళ్ళున్నారు. ఆ కలిసొచ్చే డీజిలు ఏ లీటరులో ఎన్నో వంతో గానీ, బండి చేతిలో ఉండదు.

రోటవేటరు, కల్టివేటరు వెనక ఎత్తి పట్టుకుని పోయేటప్పుడు ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగు తిప్పినా బండి మాట వినదు. వేగం తగ్గించాలి, వెనక పనిముట్టును తిప్పే పీటీఓ ఆపాలి. కల్టివేటరు నాగళ్ళ కొసలకు ఒక ఎర్రగుడ్డ కట్టండి, ఆగి ఉన్న ట్రాక్టరు వెనక ఆ కొసలు చీకట్లో ఎవరికీ కనిపించవు.

దమ్ము చక్రాల గురించి చెప్పక తప్పదు. ఆ ఇనుప చక్రాలను కొందరు కేజ్ వీల్స్ అంటారు. నాట్ల కాలంలో వాటిని తగిలించుకుని తారురోడ్డు మీద పోయే ట్రాక్టరు వెనక చూడండి, కొత్తగా వేసిన తారు మీద కూడా అడుగడుగునా గాట్లు. వాన పడితే ఆ గాటులో నీళ్ళు నిలుస్తాయి, నీళ్ళు నిలిచిన చోట కంకర లేస్తుంది. మళ్ళీ ఏడాదికి అది గుంత. ఆ గుంతలో పడేది మన బండే, మన ఊరి ఆటోనే. అధికారులు నాట్ల కాలం వచ్చినప్పుడల్లా హెచ్చరిస్తారు, అప్పుడప్పుడూ కేసులు కడతారు. మళ్ళీ అదే తంతు. ఇక్కడా లెక్క మామూలే. చక్రాలు విప్పి బిగించే సమయం మనది, పాడయ్యే రోడ్డు ఎవరిదో అనుకుంటాం. రోడ్డు మీద టైర్లతో వెళ్ళి, ఇనుప చక్రాలను ట్రాలీలో వేసుకుపోయి, చేను గట్టు దగ్గర బిగించుకోవడమే పద్ధతి. ఇనుప చక్రం తారు మీద పట్టు దొరక్క జారుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. బ్రేకు వేస్తే చక్రం ఆగుతుంది గానీ బండి ఆగదు.

ట్రాలీలో మనుషుల్ని తీసుకెళ్ళడం గురించి ఎక్కువ మాట్లాడను, అందరికీ తెలిసిందే. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ దగ్గర పొలం పనికి పోతున్న కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది పోయారు. దాదాపు అందరూ ఆడవాళ్ళే. ట్రాలీ సరుకు కోసం చేసింది. అందులో పట్టుకోవడానికి కడ్డీ ఉండదు, పడితే ఆపేది ఉండదు, తిరగబడితే పక్క తలుపులే మనుషుల మీద పడతాయి. ప్రమాదం జరిగాక, వ్యవసాయానికని తీసుకున్న పాలసీ ట్రాలీలో కూర్చున్న మనుషులకు వర్తించదని బీమా కంపెనీ కోర్టులో వాదించడమూ మామూలే. కూలీలకు ఆటో చార్జీ ఇవ్వండి.

కార్లు, బైకులు నడిపేవాళ్ళకు రెండు మాటలు. ముందు పోతున్న ట్రాక్టరు కాస్త ఎడమకు జరిగిందంటే మీకు దారి ఇస్తున్నాడని అనుకోవద్దు. పొడుగు ట్రాలీతో కుడివైపు పుంతలోకి తిరగడానికి ముందు చాలామంది ఎడమకు జరిగి ఊపు తీసుకుంటారు. ఆ క్షణంలో మీరు దాటబోతే సరిగ్గా అతను తిరిగే చోటికే వెళ్తారు. కుడిపక్క గట్టు తెగి పొలంలోకి దారి కనిపిస్తే అక్కడ ట్రాక్టర్ని దాటకండి. ట్రాక్టరు నడిపే తమ్ముళ్ళు కూడా, ఇండికేటరు పనిచెయ్యకపోతే చెయ్యి చాచి చూపించండి, ఊరికే చూపించడం కాదు, చూపించి, వెనక్కి చూసి అప్పుడు తిప్పండి. చెవిలో పాటలు పెట్టుకుంటే వెనక హారను వినపడదు. వెనక బండ్లు బారు తీరితే, వెడల్పు చోటు చూసి రెండు నిమిషాలు పక్కకాపి వాళ్ళను పోనివ్వండి. విసుగెత్తినవాడే మలుపులో దాటబోతాడు.

ఇప్పుడు దారి సంగతి. మిషను వచ్చే ముందురోజు సాయంత్రం, ఏ దారిన తీసుకెళ్ళాలో ఆ దారిలో ఒకసారి బండి మీద పోయి రండి. కాలువ గట్టు రోడ్డయితే అంచు ఎక్కడ కుంగిందో, ఎక్కడ కోసుకుపోయిందో చూడండి. ఒక పెద్ద టైరు మిషను ఎనిమిది టన్నుల పైమాటే. నల్లరేగడి అంచు ఎండలో రాయిలా ఉంటుంది, ఒక వాన పడితే చక్రం కింద జారిపోతుంది. పాత కాలువ వంతెనల పిట్టగోడల మధ్య వెడల్పు తాడు పెట్టి కొలవండి, కళ్ళతో అంచనా వెయ్యకండి.

ఆ దారిలో వడ్లు ఆరబోసి ఉంటాయి. ఇదొక చిత్రమైన చిక్కు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించితే తీసుకోరు. మనిషి కోసి, పనల మీద ఎండి, కుప్ప వేసి నూర్చిన రోజుల్లో గింజ చేలోనే ఆరిపోయేది. మిషను పచ్చి చేను మీదే కోసి గింజ రాలుస్తుంది, అది తేమతోనే ఇంటికొస్తుంది. ఆరబెట్టడానికి కళ్ళాలు లేవు, ఉన్నవి ఇళ్ళ స్థలాలయ్యాయి. ఇక మిగిలింది తారురోడ్డు. అంటే రోడ్డంతా తనకే కావాలనే మిషనే, ఆ రోడ్డు మీదకు వడ్లను కూడా తెచ్చింది. సగం రోడ్డు వడ్లు, వాటికి కాపలాగా బండరాళ్ళు, పైన నల్ల పట్టా. రాత్రిపూట ఆ నల్ల పట్టా, తారు ఒకటే రంగు. అలాంటి చోట మిషను పోవాలంటే వడ్లయినా తొక్కాలి, అంచులోకైనా దిగాలి. ఆ రెండూ తగాదాలే, రెండోది ప్రమాదం కూడా. అందరూ రైతులే కాబట్టి ముందురోజు ఒక మాట చెబితే వడ్లు ఒక పూటకు దగ్గరకు లాక్కుంటారు. ఎత్తిన తర్వాత రాళ్ళను రోడ్డు మీదే వదిలెయ్యకండి. గోనెసంచులో ఇసుక పోసి పట్టాకు బరువు పెట్టినా ఆగుతుంది, బండి తగిలినా మనిషి బతుకుతాడు.

చివరగా పైకి చూడండి. రోడ్డుకు అడ్డంగా దాటే కరెంటు తీగ, ఇళ్ళకూ మోటార్లకూ ఇచ్చే లైనైతే కనీసం 5.8 మీటర్ల ఎత్తులో, 11 కేవీ లైనైతే 6.1 మీటర్ల ఎత్తులో ఉండాలి. రోడ్డు కాని చోట, పొలాల మీదుగా పోయే 11 కేవీ తీగకు 4.6 మీటర్లు ఉంటే చాలు. కోత మిషను సుమారు నాలుగు మీటర్లు. గడ్డి ట్రాలీ దాన్నీ మించిపోతుంది, పైన ఇద్దరు కూర్చుంటే ఇంకా మించుతుంది. కాగితం మీద ఎత్తు సరిపోయినా, ఎండకు తీగ సాగుతుంది, స్తంభం ఒరుగుతుంది, కొత్తగా వేసిన రోడ్డు పాతదాని మీద అరడుగో అడుగో పెరుగుతుంది. కిందికి వేలాడే తీగ కనిపిస్తే 1912కు ఫోను చేసి చెప్పండి. వెదురు గడతో తీగ ఎత్తి పట్టుకుని కింద నుంచి బండి పోనిచ్చే పద్ధతి కొన్ని ఊళ్ళలో ఉంది. పచ్చి వెదురులో తేమ ఉంటుంది, కరెంటు దాంట్లోంచి దిగుతుంది. ఆ పని ఎవరూ చెయ్యకూడదు. 2020 మేలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిర్చి కోతకు పోయి వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొని, తీగలు మీద పడి పలువురు చనిపోయారు. తీగ మనకు అందే ఎత్తులోనే ఉండాలని లేదు, స్తంభానికి తగిలితే అదే దిగి వస్తుంది.

ఒకవేళ మిషనుకో ట్రాక్టరుకో తీగ తగిలితే సీట్లోనే కూర్చోండి. వీలైతే బండిని మెల్లగా తీగకు దూరంగా కదపండి. మీరు పూర్తిగా బండి మీదే ఉన్నంతసేపు కరెంటుకు మీలోంచి నేలకు దారి ఉండదు. ఒక కాలు బండి మీద, ఒక కాలు నేల మీద పెట్టిన క్షణంలోనే కరెంటు మీలోంచి నేలకు పోతుంది. మంట లేచి దిగక తప్పకపోతే బండిని పట్టుకోకుండా, రెండు కాళ్ళూ దగ్గరగా చేర్చి, ఒకేసారి కిందకు దూకండి. దూకాక అంగలు వెయ్యకుండా, కాళ్ళు నేల మీద ఈడుస్తూ చిన్న చిన్న అడుగులతో దూరం జరగండి. నేల మీద కరెంటు పాకి ఉంటుంది, అంగ వేస్తే రెండు పాదాల మధ్య దెబ్బ కొడుతుంది. చూస్తున్నవాళ్ళు కాపాడాలని పరిగెత్తకండి. 1912కు, 108కి ఫోను చెయ్యండి. తీగ చప్పుడు ఆగిందని, నిప్పురవ్వలు ఆగాయని ధైర్యం చెయ్యొద్దు. సబ్‌స్టేషన్‌లో పడిన లైను కొన్ని సెకన్లకో నిమిషాలకో మళ్ళీ వేస్తారు. లైను ఆపేశామని కరెంటు సిబ్బంది స్వయంగా చెప్పేదాకా ఎవరూ ఆ బండి దగ్గరికి పోవద్దు.